ముల్లు లేని వాక్కాయ

ఆ కొమ్మకు ముల్లు లేదు. జోహరా కోపం అక్కడ రాజుకుంది.

చింతగట్టు దొరల వారసుడు మురహరిరావు దాన్ని కాలేజీ ల్యాబులో బల్ల మీద పడేసి, స్టూలు లాక్కుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చూడండి మేడం. మీ తాత చెట్టు ఇదేనా?"

జోహరా ఆకులు కోసే కత్తెర అందుకుంది. కొమ్మను కిటికీ వెలుతురులోకి తిప్పింది. ఆకులు తోలులా దళసరిగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ప్రతి ఆకు మొదట్లోనూ చిన్న తెల్లపూల గుత్తి. పూగొట్టానికి బయటివైపు లేత గులాబి చాయ. విరిచి ఒక పూట దాటినా గది నిండా మల్లెల వాసన. కొమ్మ చివర పచ్చికాయలు రెండు, గోలీల కంటే చిన్నవి. ఎవరు చూసినా వాక్కాయ కొమ్మే అంటారు. కానీ వాక్కాయకు కణుపు కణుపునా జంట ముళ్లుంటాయి.

ఈ నేలది కాదు ఈ పొద. సముద్రం అవతల హబ్షీ దేశంలో, ఆఫ్రికా తూర్పు కొండవాలుల్లో పెరుగుతుంది. పుస్తకాల్లో దాని పేరు అకోకాంథెరా. క్లాసులో ఏటా నాలుగు ముక్కలు చెప్పి దాటేసే పేరు. గన్నేరుకూ వాక్కాయకూ చుట్టం. పండితే ఊదారంగు తిరిగి తియ్యనవుతుంది, పచ్చిగా ఉంటే ప్రాణం తీస్తుంది. దాని కట్టెను నరికి, నీళ్లలో మరగకాచి, తారులా చిక్కబడ్డ రసాన్ని అక్కడి వేటగాళ్లు బాణాలకు పూస్తారు. ఏనుగు కూడా ఎంతో దూరం పోలేదు.

"ఎక్కడిది?" అంది.

"నల్లమలల. జాలుగుండం లోయ మీద గుహ ఉంది. దాని ముంగట కంచె లెక్క వరసగ ఉన్నయి. ఆ చుట్టుపక్కల ఎవ్వరికీ దాని పేరు తెల్వదు. మా ఇంట్ల ముసలోళ్లు ఒక మాట అంటుండె, సొమ్ము సీదీ చెట్టు కింద ఉన్నదని. అందుకే మీ దగ్గరికొచ్చిన." నవ్వాడు. "దొంగతనం చేసింది మీ ఇంటోళ్లు. ఆచూకీ గూడ మీరే చెప్పాలె గద."

జోహరా కత్తెర మూసి బల్ల మీద పెట్టింది. చేతిలో ఉంటే మంచిది కాదనిపించింది.

ఆమె పూర్వీకుడు సీదీ మర్జాన్, ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయి. చింతగట్టు సంస్థానంలో విలుకాళ్ల దళానికి పెద్ద. శత్రువులు కోటను ముట్టడించబోతున్న రోజుల్లో ఖజానా పెట్టె మాయమైంది, మర్జానూ మాయమయ్యాడు. సొమ్ము ఎత్తుకుని తన దేశం పారిపోయాడని దొర చాటింపు వేయించాడు. ఆ దొర యుద్ధంలో చచ్చాడు, సంస్థానాలు పోయాయి, చాటింపు మాత్రం చావలేదు. జోహరా చదివిన బడిలో ఎవరి బలపం పోయినా మొదట ఆమె సంచీయే దులిపేవారు. మొన్నటికి మొన్న స్టాఫ్ రూములో ఎవరిదో పర్సు కనిపించకపోతే ఒక సహోద్యోగి చూపు ఆమె బ్యాగు మీద వాలి, వెంటనే తప్పుకుంది. ఆ తప్పుకోవడమే ఆమెను ఎక్కువ కాల్చింది. నేరుగా అడిగితే చెంప పగలగొట్టి ఉండేది. తప్పుకున్న చూపును ఏ చేత్తో కొడతాం?

ఇప్పుడీ కొమ్మ. మర్జాన్ అక్కడికి వెళ్లాడన్నమాట. సొమ్ము నిజంగా తీసుకుపోయాడేమో. ఇన్నేళ్లు తను పెంచుకున్న కోపానికి కింద నేలే లేదేమో. ఆ అనుమానం వచ్చినందుకు మురహరి మీద కంటే తన మీద ఆమెకు మంట పుట్టింది.

"వస్తాను. కానీ ఒక షరతు. పెట్టె దొరికి, దాని మీద మీ సంస్థానం ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే, మర్జాన్ దొంగ కాదని మీరు నలుగురిలో చెప్పాలి."

"డప్పు కొట్టించి చెప్త, పోండ్రి" అన్నాడు మురహరి, లేస్తూ.

*

జీపు నడిపింది బుచ్చయ్య. మురహరి తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో డ్రైవరూ వంటవాడూ అతనే. తల నెరిసినా నోరు నెరవలేదు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

"బిడ్డా, నీకు పప్పుల పులుపు ఎంతుండాలె? మా దొరకైతే నాలుక మెలికలు తిరగాలె. మెతక పులుపు పెడితే కంచం ఇసిరేస్తడు."

"నోరు మూసుకొని రోడ్డు సూడు" అన్నాడు మురహరి.

"నోటితోని నడుపుతున్ననా దొరా, చేతుల్తోనే గద."

జోహరాకు నవ్వొచ్చింది. ఆ బండిలో నవ్వడం ఇష్టం లేక కిటికీవైపు తిరిగింది.

బాట అయిపోయిన చోట జీపు ఆపారు. అక్కడి నుంచి బండల మీద నడక. ఎండిన వాగు గుండ్లు కాళ్ల కింద దొర్లాయి. వెదురు పొదలు చొక్కాలు చీల్చాయి. లోయ అంచున కొండ నిలువుగా లేచింది. మురహరి తాడు విసిరి మద్ది చెట్టు వేరుకు బిగించాడు. "నేను ముందు!" అని అరిచి ఎగబాకాడు. జోహరా ఎక్కుతుండగా కాలి కింద పెచ్చు ఊడి లోయలోకి రాలింది. ఒక్క క్షణం ఒంటిచేత్తో వేలాడింది. పైనుంచి మురహరి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. పళ్లు బిగించి, మోచేతులు చెక్కుకుపోతున్నా తనే పైకి పాకింది.

"ఇంత పౌరుషం ఉన్న జాతి, దొంగతనం ఎట్ల చేసింద్రో" అన్నాడు అతను.

ముందున్నది చూసి ఆమెకు ఆ మాట వినపడలేదు. గుహ నోటికి అడ్డంగా, మనిషెత్తు పొదలు వరస తీరి పూసి ఉన్నాయి. గాలి తీపెక్కి ఉంది. గింజ పడి మొలిచిన అడవి కాదు అది. చెయ్యి నాటిన వరస. పాత మొదళ్ల నుంచి కొత్త కొమ్మలు, వాటి విత్తుల నుంచి పిల్ల పొదలు. తరాలు మారినా గీత తప్పలేదు. కొమ్మకొమ్మా తడిమింది. ఎక్కడా ముల్లు లేదు.

ఆమె ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లిలో వధువు నోట వాక్కాయ పెట్టేముందు, ఆ కొమ్మ ముల్లుతోనే ఆమె వేలు గుచ్చుతారు. రక్తం చుక్క కనిపించాక "ముల్లుంది, తిను" అంటారు. పిల్లలు పెరట్లో కాయ కోసుకున్నా అంతే. బొటనీ చదివాక జోహరా ఆ తంతును వెక్కిరించింది, తల్లితో పోట్లాడింది. ఇప్పుడు ఈ నున్నటి కొమ్మ పట్టుకుని నిలబడితే ఆ తంతు ఎందుకో అర్థమైంది. సముద్రం దాటి వచ్చినవాళ్లు దేశం పేరు మరిచిపోయారు, భాష మరిచిపోయారు. ఒక్క జాగ్రత్తను మాత్రం పిల్లల వేళ్లలో గుచ్చి దాచుకున్నారు.

"ఇది విషం" అంది మురహరితో. "ఆకు, కట్టె, పచ్చికాయ, అంతా. బాణాల కోసం నాటాడు. ఈ గుహ మర్జాన్ దళానికి ఠాణా అయి ఉంటుంది."

"ఠాణానో, దొంగల మకామో" అన్నాడు మురహరి.

ఆమె గిర్రున తిరిగింది. అదే సమయానికి బుచ్చయ్య రొప్పుతూ అంచు మీదికి వచ్చాడు. వీపున గిన్నెలు, బియ్యం, పప్పు మూట. "మీరు లోపలికి పోయి రాండ్రి. నేను పొయ్యి పెడత" అన్నాడు. ఆ పొదలు విషమని అతనికీ ఒక ముక్క చెప్పాల్సింది. కానీ తల నిండా మురహరి మాటే మోగుతోంది. టార్చి వెలిగించి, ఎవరివైపూ చూడకుండా ఆమె గుహలోకి నడిచింది.

*

గుహ కొంతదూరం నిలబడనిచ్చింది. తరువాత వంచింది, ఆపైన పాకించింది. గబ్బిలాలు ముఖాల మీదుగా కొట్టుకుంటూ పోయాయి. ఎడమ పక్కన నేల చీలి నల్లటి సందు. అడుగున ఎక్కడో నీళ్లు పరుగెడుతున్న చప్పుడు. "ఎడమకు జరగకు!" అని మురహరి వెనక నుంచి కేకేశాడు. సొరంగం చివర గోడ తగిలింది. రాళ్లూ సున్నమూ కలిపి కట్టిన గోడ.

మురహరి గడ్డపారతో పొడిచాడు. దుమ్ము లేచింది, దగ్గు తెరలు కమ్మాయి. చివరికి మనిషి దూరేంత కంత పడింది. జోహరా టార్చి లోపలికి పెట్టి, వెనకే తనూ దూరింది.

ఒక మనిషి గోడకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఎముకలు మాత్రమే. ఒడిలో విల్లు. పక్కన అమ్ములపొది, అందులో బాణాలు. ప్రతి ములికికీ తోలు పట్టీ చుట్టి ఉంది. అతని వెనక ఇనుప బద్దీల చిన్న పెట్టె. దాని మీద లక్క ముద్ర, సంస్థానం గుర్తు. చెక్కుచెదరలేదు.

ఆమె ఆ ఎముకల ముందు మోకరిల్లింది. "పారిపోలేదు" అంది. "ఎక్కడికీ పోలేదు."

మురహరి అప్పటికే పెట్టె మీద పడ్డాడు. జోహరా గోడ వైపు తిరిగి టార్చి వేసింది. లోపలివైపు రాళ్లు ఎగుడుదిగుడుగా, సున్నం ఎక్కడికక్కడ కారి గడ్డకట్టి ఉంది. తాము పగలగొట్టిన బయటివైపు మాత్రం తాపీ ఆడించి నున్నగా మెత్తిన పని. ఆమె రెండు వైపులా చెయ్యి పెట్టి తడిమి చూసింది.

"ఈ గోడ బయటి నుంచి కట్టారు."

"అయితే?"

"లోపల మనిషి ఉండగా కట్టారు. పెట్టెకు కాపలా పెట్టి, వెలుపలి నుంచి మూసేశారు. ఇక వెతికేవాడు లేకుండా, దొంగ పారిపోయాడని చాటింపు వేయించారు." ఆమె గొంతు లేచింది. "సొమ్ము సీదీ చెట్టు కింద ఉందని మీ ఇంట్లో ముసలివాళ్లకు ఎట్లా తెలుసు? పారిపోయినవాడు మీకు చెప్పి పోయాడా? మీకు తెలుసు! మీ ఇంటికి మొదటి నుంచీ తెలుసు!"

మురహరి ఒక్క క్షణం తడబడ్డాడు. తరువాత భుజాలు ఎగరేశాడు. "సరే. మీ తాత మంచోడే. సంతోషమేనా? ఇగ పట్టు, పెట్టె బయటికి తోయాలె."

"తహసీల్దారును పిలిపించి ఇక్కడే చూపించాలి. ముద్రతో సహా."

"నీకు పిచ్చా? సర్కారుకు అప్పజెప్పనీకా నేను మోకాళ్లు చీరుకుంటున్న? బయట ముద్ర పగలగొట్టి చెరి సగం తీసుకుందాం. ఎవ్వరికీ ఏం చెప్పేది లేదు. చెప్పినా నిన్నెవరు నమ్ముతరు? దొంగ సీదీ మనుమరాలు సొమ్ముతోని దొరికిందంటరు."

అతను పెట్టెను కంతలోంచి తోసి, దాని వెనకే సొరంగంలోకి పాకాడు.

జోహరా కోపం ఇన్నాళ్లూ చప్పుడు చేసేది. చెవుల్లో రక్తమై కొట్టుకునేది, రాత్రుళ్లు మాటలై తిరిగేది. ఇప్పుడు చప్పుడు లేదు. నిశ్చలంగా, చల్లగా, గుహలాగే ఉంది. కోపానికి ఇట్లాంటి ముఖం కూడా ఉందని ఆమెకు తెలియదు. చెయ్యి దానంతటదే వెళ్లి పొదిలోంచి ఒక బాణం తీసింది. పట్టీ విప్పింది. కింద ములికి నల్లగా, ఇంకా జిగురు మెరుపుతో ఉంది.

ఎందుకు తీసిందో ఆమెకు తెలుసు. తెలియనట్టు తనను తాను మోసగించుకోలేదు.

అతని మడమల వెనకే పాకింది. సగం దూరంలో సొరంగం ఇరుకైంది. పెట్టె రెండు బండల మధ్య ఇరుక్కుంది. మురహరి తిట్టుకుంటూ కుదుపుతున్నాడు. అప్పుడు, గుహ నోటి నుంచి బుచ్చయ్య గొంతు మోగుతూ వచ్చింది.

"దొరా! బిడ్డా! రాండ్రి! మీ అదృష్టం, ఇక్కడ పచ్చి వాక్కాయలు గుత్తులు గుత్తులు ఉన్నయి. పప్పుల ఏసిన. పులుపు అదిరిపోద్ది!"

జోహరా పాకడం ఆపింది.

ఆ అంచు మీద వాక్కాయ చెట్టు ఒక్కటీ లేదు. పచ్చికాయ దొరికితే పప్పులో వేయకుండా మన వంటవాడెవడు ఊరుకుంటాడు? పండితే తియ్యనయ్యే కాయ, పచ్చిగా ఉంటేనే మనకు రుచి.

"బుచ్చన్నా! తినొద్దు! విషం!" గొంతు చించుకుని అరిచింది. పెట్టె దారి మూసేసింది. అరుపు తిరిగి తన ముఖాన్నే కొట్టింది.

"ఏందీ? మాటలు సాఫ్‌గ వస్తలేవు. బయటికొచ్చి చెప్పుండ్రి. ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్న!"

"మురహరీ, పెట్టె వదిలెయ్. పక్కనున్న సందులోకి తోసెయ్. నేను పోవాలి!"

"నాటకాలా?" అతను వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "సొమ్ము నీళ్లపాలు చేయనీకి కథ అల్లుతున్నవా? ఆగు, రెండు కుదుపులల్ల వస్తది."

ఆగవచ్చు. ఆమె మనసు ఆ మాటకు ఒక్క క్షణం తల ఊపింది. ఆగితే పెట్టె బయటికి వస్తుంది, ముద్రతో సహా. తరాల మచ్చను తుడిచే గుర్తు అది. సందులో పడితే ఇక ఎవరు నమ్ముతారు? బుచ్చయ్య ఇంకా రుచి చూసి ఉండడేమో. ఆ "ఏమో" వెనక ఎవరు దాక్కున్నారో ఆమెకు కనిపించింది. గోడ కట్టించిన దొర కూడా ఇట్లాగే అనుకుని ఉంటాడు. ఒక్క మనిషే కదా అని.

అప్పుడు నిజంగా మండింది.

"దొరా" అంది నెమ్మదిగా. "నా చేతిలో మర్జాన్ బాణం ఉంది. నీ మడమకు జానెడు దూరంలో ఉంది. చీకట్లో, తడి తగలకుండా ఉంటే ఈ విషం చావదంటారు. నిజమో కాదో నీ కాలి మీద చూద్దామా?"

కాళ్లు బిగుసుకున్నాయి.

"జోహరా... మేడం..."

"తోసెయ్!"

ఇనుము బండకు రాసుకుని కీచుమంది. మురహరి ఏడుపులాంటి అరుపు అరిచాడు. పెట్టె పక్కకు ఒరిగి, సందు అంచున ఒక్కసారి ఊగి, పోయింది. రాళ్లను కొట్టుకుంటూ కొట్టుకుంటూ కిందికి. ఆఖరున నీళ్లు దాన్ని మింగిన చప్పుడు.

"పాకు!" అని గద్దించింది జోహరా.

బయట ఎండ కళ్లలో పొడిచింది. బుచ్చయ్య పొయ్యి పక్కన గరిటె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెదాల మీద పప్పు. ముఖాన చెమట. "చేదు తగిలింది బిడ్డా" అన్నాడు అపరాధిలా. "బెల్లం ఎయ్యాల్నేమో..." మాట పూర్తి కాకుండానే ముందుకు వంగి వాంతి చేసుకున్నాడు.

జోహరా గిన్నెను కాలితో తన్ని లోయలోకి పంపింది. అతని మణికట్టు పట్టుకుంది. నాడి ఒక దెబ్బ కొట్టి, ఆలోచించి, ఇంకోటి కొడుతోంది.

మురహరి అటు చూస్తూ నిలబడిపోయాడు. అతని ముఖంలోంచి దొరతనం ఊడిపోయింది. వంగి, తనకు గోరుముద్దలు తినిపించిన ఆ ముసలివాణ్ని వీపుకు తాడుతో కట్టుకుని, అంచు దిగాడు. జోహరా పైనుంచి తాడు వదులుతూ "కుడికాలు! ఇంకా కిందికి! పట్టు వదలకు!" అని కేకలు పెట్టింది. వాగు గుండ్ల మీద అతను రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ ముందుకే పడ్డాడు, వీపు మీది మనిషికి దెబ్బ తగలకుండా. జీపు జోహరా నడిపింది.

*

ఆసుపత్రిలో డాక్టరు గుండె కొలిచే తీగలు అంటిస్తూ అడిగింది. "ఏం తిన్నాడు? ఎక్కడ తిన్నాడు? సరిగ్గా చెప్పండి, మందు దాన్ని బట్టే ఉంటుంది."

జోహరా పొద పేరు చెప్పింది, గన్నేరు విషంలాగే గుండెను పట్టేస్తుందని చెప్పింది. అంతవరకే.

"మన అడవుల్లో ఆ చెట్టు ఎవరు పెట్టారు?"

జోహరా మురహరి వైపు చూసింది. సాయం చేయలేదు. నువ్వు చెప్పు, అంది ఆ చూపు. అతని చొక్కా చిరిగి, మోకాళ్ల నుంచి రక్తం కారుతోంది. నేల చూశాడు. మంచం మీద బుచ్చయ్యను చూశాడు.

"కాపలా మనిషి" అన్నాడు చివరికి. "మా కోట కాపలా మనిషి. సీదీ మర్జాన్."

డాక్టరు తీగలు సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు?"

"అక్కడ్నే" అన్నాడు మురహరి. "ఇంకా కాపలాలనే ఉన్నడు."

జోహరా బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. ఆ ఒక్క మాట వినడానికి ఎన్ని తరాలు పట్టింది! చల్లబడుతుందనుకున్న కోపం చల్లబడలేదు. నిలబడటానికి నేల మాత్రం దొరికింది దానికి.

బుచ్చయ్య బతికాడు. లేచి కూర్చోగలిగిన పూట నుంచీ వార్డులో, టీ బండి దగ్గర, బస్టాండులో ఆ గోడ కథే చెప్పాడు. ఎముకలనూ గోడనూ అధికారులు చూసి వెళ్లారు. పెట్టె కోసం నీళ్లలోకి ఎవరూ దిగలేదు.

ఒక ఆదివారం అతను జోహరా ఇంటికి భోజనానికి వచ్చాడు. తల్లి వాక్కాయ పప్పు వడ్డించింది. బుచ్చయ్య చెయ్యి కంచం మీద పెట్టకుండా, చూపుడువేలు చాచాడు.

"ముల్లుందా బిడ్డా?"

జోహరా కొమ్మ తెచ్చి గుచ్చింది. "ఉంది బుచ్చన్నా. తిను."

మురహరి గేటు బయట జీపులోనే కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అనకూడదని అతనికీ తెలిసినట్టుంది. జోహరా చాలాసేపు కిటికీలోంచి అతన్ని చూసింది. తరువాత అదే కొమ్మ తీసుకుని గేటు దాకా వెళ్లింది.

"వేలు చాపు" అంది.

అతను చాపాడు. ఆమె కావలసిన దాని కంటే కొంచెం లోతుగానే గుచ్చింది.